మావయ్య చెప్పిన ఐదు గుర్తులు

మా ఇంట్లో సర్వర్ ఉందని చెబితే చుట్టాలు ముందు వంటింటి వైపు చూస్తారు, తర్వాత మా ఆవిడ వైపు చూస్తారు, చివరికి జాలిగా నా వైపు చూస్తారు. గుడివాడలో మేము అద్దెకుంటున్న పైవాటాలో, కుట్టుమిషను మీద, పాత ల్యాప్‌టాప్ ఒకటి ఎప్పుడూ గుర్రుపెడుతూ ఉంటుంది. అదే సర్వర్. దాని మూత విరిగింది కాబట్టి మూసే వీలు లేదు. మూసే వీలు లేదు కాబట్టి సర్వర్ చేశాను. మా ఆవిడ దాన్ని చూపించి వచ్చినవాళ్ళతో, "సర్వరంటే కాఫీ తేవాలి కదండీ. ఇది కరెంటు తాగడమేగానీ ఇంతవరకూ ఒక్క కప్పు తెచ్చింది లేదు," అంటుంది.

నేను ఒక కాలేజీలో ఫిజిక్స్ ల్యాబు చూసుకుంటాను. స్క్రూగేజీలు లెక్కపెట్టి బీరువాలో పెట్టి తాళం వేయడం నా ఉద్యోగం. ఎవరో ఎక్కడో రాసి, అందరూ వాడుకోండని వదిలేసిన సాఫ్ట్‌వేర్లు దింపుకుని, వాటిని విప్పి, మళ్ళీ బిగించలేక బాధపడటం నా సరదా. ఉచితంగా దొరికేది కనిపిస్తే నాకు ఉచితానుచితాలు గుర్తుండవు. మా ఇంట్లో ఉన్నది ఇద్దరమే అయినా ఫోటోలకొకటి, వంటలకొకటి, సరుకులకొకటి, మూడు వేరువేరు సాఫ్ట్‌వేర్లు ఆ కుట్టుమిషను మీద పనిచేస్తుంటాయి. సరుకుల జాబితా మాత్రం మా ఆవిడ ఇప్పటికీ క్యాలెండరు వెనకే రాస్తుంది.

ఈ సరదా నాకు నేర్పిన మొదటి విద్య అనుమానం. సర్వర్‌ని బయటి ప్రపంచానికి కలిపిన మర్నాడు పొద్దున్న, కాఫీ గ్లాసు పట్టుకుని దాని లాగ్ తెరిచాను. లాగ్ అంటే మన తలుపు ఎవరెవరు తట్టారో వరసగా రాసి ఉంచే చిట్టా. చూసేసరికి నా కాఫీ చల్లారిపోయింది. నేను పేర్లు కూడా సరిగా పలకలేని దేశాల నుంచి ఎవరెవరో వచ్చి, ఒక్కో తాళంచెవీ పెట్టి చూసి వెళ్ళారు. మా ఇంటి కాలింగ్ బెల్లు వారానికోసారి మోగితే గొప్ప. అలాంటిది నా కుట్టుమిషను కోసం ఇంతమందా!

"మనింట్లో ఏముందని వస్తారండీ?" అంది మా ఆవిడ.

"ఏమీ లేదని వాళ్ళకి తెలియదుగా."

"అయితే తలుపు తీసి చూపించెయ్యండి. మళ్ళీ రారు."

వచ్చేవాళ్ళు మనుషులు కాదనీ, ఊరికే తలుపులు తట్టుకుంటూ తిరిగే యంత్రాలనీ నాకు తెలుసు. తెలిసినా రోజూ పొద్దున్నే పేపరుకంటే ముందు లాగ్ చదవడం అలవాటైంది. కాలేజీలో ప్రమాణాలు, ఇంట్లో అనుమానాలు. కొన్నాళ్ళకి ఆ చూపు బయటికి కూడా పాకింది. పేపరు ఆలస్యమైతే ఎవరు చదివి మడిచి వేశారోనని చూసేవాణ్ణి. ఎదురింటాయన "ఏంటండీ విశేషాలు?" అంటే, విశేషాలు ఈయనకెందుకు అనిపించేది.

ఇలాంటివాడి దగ్గరికి మా మావయ్య తన రహస్యాలు పట్టుకొచ్చాడు.

మావయ్య మా అమ్మకి తమ్ముడు. బందరులో, గిలకలదిండి హార్బరు దగ్గర ఉంటాడు. సొంత ఇంజను పడవ ఉంది. చిన్నప్పుడు నన్ను కూడా రెండుసార్లు సముద్రం మీదికి తీసుకెళ్ళాడు. రెండుసార్లూ నేను చేపలకి మేత వేయడం తప్ప ఇంకేమీ చేయలేకపోయాను. అది కూడా నోటితో. అప్పటినుంచి మా ఇంట్లో చదువు నాకు, సముద్రం ఆయనకి అని తేలిపోయింది.

వేటకెళ్ళేవాళ్ళకి ఆస్తి పడవ కాదు, గుర్తులు. సముద్రం అడుగున ఎక్కడ రాళ్ళున్నాయో, ఎక్కడ ఎప్పటిదో పడవ మునిగి ఉందో, దాని పక్కన ఏ నెలలో ఏ చేప మసులుతుందో తెలిసినవాడి వల నిండుతుంది. తెలియనివాడి వల చిరుగుతుంది. పూర్వం ఒడ్డున లైట్‌హౌస్‌నీ, ఒక తాడిచెట్టునీ వరసలోకి తెచ్చుకుని గుర్తుపట్టేవాళ్ళట. తర్వాత జీపీఎస్ డబ్బాలొచ్చి, ఆ చోట్లన్నీ నంబర్లయ్యాయి. నంబర్లయినా, వరసలైనా, అవి ఇంకొకరికి చెప్పేవి కావు. హార్బర్లో ఎవరైనా "చందువలు ఎక్కడ పడ్డాయి మావా?" అని అడిగితే, మావయ్య మొహంలో ఒక్క కండరం కదలకుండా "తూరుపునే" అనేవాడు. బందరు సముద్రమంతా తూర్పే.

ఆ ఏడాది కార్తీకంలో మావయ్యకి కంట్లో శుక్లం తీశారు. ఎండలో, ఉప్పుగాలిలో తిరగొద్దన్నారు. ఆయన జీపీఎస్ డబ్బా కూడా ఆయన కళ్ళలాగే మసకబారింది. రెండు బటన్లు నొక్కితే ఒకటి పలుకుతుంది. ఒక్కగానొక్క కూతుర్ని దివిసీమలో, నాగాయలంకలో ఇచ్చాడు. అల్లుడు కూడా వేటకెళ్ళేవాడే. వేసవిలో వేట నిషేధం అయిపోయాక పడవ అల్లుడికి అప్పగించి, తను ఒడ్డున కూర్చోవాలని ఆలోచన. పడవ అప్పగించడం పెద్ద విషయం కాదు. గుర్తులు అప్పగించాలి. ముప్ఫై ఏళ్ళు నోరు మెదపనివాడికి, ఎవరి దగ్గర నోరు విప్పాలన్నదే ప్రశ్న.

ఒక ఆదివారం గుడివాడ వచ్చి, నల్లకళ్ళద్దాలతో నా కుట్టుమిషను ముందు కూర్చున్నాడు. పోలీసు విచారణకొచ్చిన పెద్దమనిషిలా ఉన్నాడు.

"ఏరా, ఇందులో పెడితే ఎవడూ చూడడంటావా?"

"చూడరు మావయ్యా."

"దీన్ని ఎవడు చేశాడు?"

"ఒకరని కాదు, చాలామంది కలిసి చేశారు. ఓపెన్ సోర్స్ అంటారు. లోపల ఎలా పనిచేస్తుందో అందరికీ కనిపిస్తుంది."

"అందరికీ కనపడేదాంట్లో ఎవడికీ కనపడకుండా దాస్తానంటావ్."

"కనపడేది వాళ్ళ పనితనం మావయ్యా, మన సరుకు కాదు."

"మరి పెద్ద కంపెనీలోళ్ళు ఎక్కడ దాస్తారు?"

"క్లౌడ్‌లో. అంటే మబ్బు."

ఆయన కళ్ళద్దాలు పైకెత్తి కిటికీలోంచి ఆకాశం వైపు చూశాడు. మబ్బుల్ని నమ్మి వేటకెళ్ళేవాడు కాదాయన. "మబ్బులో పెట్టింది ఎవడి నెత్తిన కురుస్తుందో ఎవడికి తెలుసు? నీ కుట్టుమిషనే నయం. రాసుకో," అన్నాడు.

మా ఆవిణ్ణి వంటింట్లోకి వెళ్ళమన్నట్టు చూసి, ఆమె వెళ్ళాక తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించి ఐదు గుర్తులు చెప్పాడు. డబ్బా చూడకుండా, కాగితం చూడకుండా. పెద్దరాయి. చందువల గుంట. కుంటిలంగరు. మిగతా రెండూ ఆయన పెట్టుకున్న పేర్లే, ఇక్కడ రాయను. చెప్పడం అయ్యాక, "నాకేదైనా అయితే అల్లుడికియ్యి. ఈలోగా మీ ఆవిడకి కూడా చెప్పమాక," అన్నాడు.

వంటింట్లోంచి, "నాకొద్దులెండి బాబాయిగారూ," అని వినపడింది.

నేను పొంగిపోయాను. మొత్తం వంశంలో మావయ్య నోరు విప్పింది నా దగ్గర! ఆ వారమంతా నేను చేసిన బందోబస్తు ఇంతా అంతా కాదు. అందరూ కలిసి గీసిన ఉచిత మ్యాపులోంచి కృష్ణా డెల్టా ముక్క మొత్తం దింపుకున్నాను. కృత్తివెన్ను రొయ్యల చెరువుల నుంచి దివిసీమ చివరిదాకా, దానితోపాటు కొంత సముద్రం. మ్యాపు మీద మైనపు కాగితంలాంటి పొర ఒకటి వేసి, ఆ పొర మీద ఐదు గుర్తులూ పెట్టాను. ఒక్కోదానికి చిన్న చేప బొమ్మ. పాస్‌వర్డ్ ఎంత గట్టిగా పెట్టానంటే, మూడో రోజు నేను కూడా లోపలికి వెళ్ళలేకపోయాను.

ఇక కాపలా కాయడం మిగిలింది. అనుమానించడానికి నాకు ఇన్నాళ్ళూ యంత్రాలే ఉండేవి. ఇప్పుడు మనుషులు కూడా దొరికారు. వాళ్ళలో మొదటివాడు మావయ్య అల్లుడు.

అతను మంచివాడే. మాట మెత్తన. నాకు తమ్ముడి వరస అవుతాడు. ఒకరోజు ఫోన్ చేసి, "అన్నయ్యగారూ, మావయ్యగారు మీ దగ్గర ఏవో నంబర్లు పెట్టారంట కదా," అన్నాడు.

"ఎవరు చెప్పారు?"

"ఆయనే అన్నారండి. అవి ఫోన్లో కూడా కనపడతాయా?"

"ఎందుకు?"

"ఊరికేనండి. తెలుసుకుందామని."

ఊరికే తెలుసుకోవడం అనే పని ప్రపంచంలో నేను తప్ప ఇంకెవరూ చేయరని నా నమ్మకం. ఆ మాట మనసులో ఒక పక్కన రాసిపెట్టుకున్నాను.

మాఘంలో అతని కూతురికి, అంటే మావయ్య మనవరాలికి, అవనిగడ్డలో ఓణీల ఫంక్షన్ పెట్టారు. పిలుపు కాగితాలు వేయించినా, ఫోన్లలో పంపడానికి ఒకటి కావాలన్నారు. నేనుండగా బయటివాళ్ళెందుకన్నాను. ఉచిత సాఫ్ట్‌వేర్‌తో నేను చేసిన ఆ పిలుపు మా ఇంటా వంటా లేదు. పిల్ల ఫోటో చుట్టూ పూలు రాలేవి. సన్నాయి మోగేది. ఇంకా ఎన్ని రోజులుందో అంకెలు తిరిగేవి. అడుగున ఫంక్షన్ హాలుకి దారి చూపించే మ్యాపు. డెల్టా మ్యాపు ఎలాగూ నా దగ్గర ఉంది కదా, కొత్తది చేయడం ఎందుకని, దాని మీదే ఇంకో పొర వేసి హాలు గుర్తు పెట్టాను. పదిసార్లు తెరిచి చూశాను. పదిసార్లూ హాలు చక్కగా, బస్టాండుకి ఎటు వైపు ఉండాలో అటు వైపే కనిపించింది.

మావయ్యకి కూడా నచ్చింది. హార్బర్లో ఫోన్ ఉన్న ప్రతివాడికీ పంపించాడు. నాగాయలంకలో వియ్యాలవారు పంపించారు. బందరు, పెడన, చల్లపల్లి, మోపిదేవి, చేపకీ వలకీ సంబంధం ఉన్న చుట్టం ఒక్కరు మిగల్లేదు.

నాకు లాగ్ చదవడం పండగైంది. ఫోన్లో మ్యాపు తెరిస్తే అది చిన్నచిన్న చదరపు ముక్కలుగా వస్తుంది. ఏ ఫోను ఏ ముక్క అడిగిందో నా చిట్టాలో పడుతుంది. ఒక రకంగా చూసేవాడి చూపు మ్యాపు మీద ఎటు తిరుగుతోందో నాకు ఇంట్లో కూర్చుంటే తెలుస్తుంది. మొదటి రెండు రోజులూ అందరూ అవనిగడ్డ బస్టాండు, హాలు, చల్లపల్లి రోడ్డు చూశారు.

మూడో రోజు చిట్టాలో ఏదో తేడా కనిపించింది. ఎవరో తూర్పుకి జరుగుతున్నారు. ఆ ముక్కల నంబర్లు తీసి నా దగ్గరున్న బొమ్మల్లో వెతికాను. ఆ ముక్కల్లో ఏమీ లేదు, ఒట్టి నీలం. ఓణీల ఫంక్షన్‌కి పిలిస్తే సముద్రం ఎవడు చూస్తాడు? సాయంత్రానికి ఇంకొకరు. మర్నాటికి ఇంకో నలుగురు. అందరూ అదే నీలం. యంత్రాలకి సముద్రం మీద ఆశ ఉండదు. వీళ్ళు మనుషులు. నా రహస్యపు పొర ఎక్కడుందోనని చేత్తో తడుముతున్నారు!

పాస్‌వర్డ్ ఇంకా పొడుగు చేశాను. కాలేజీలో బీరువా తాళం రెండుసార్లు లాగి చూశాను. దానికీ దీనికీ సంబంధం లేదనుకోండి.

ఐదో రోజు మావయ్య ఫోన్ చేశాడు. ఆయన ఫోన్లో ఎప్పుడూ అరుస్తాడు, ఇంజను పక్కన మాట్లాడిన అలవాటు. ఆ రోజు మాత్రం నెమ్మదిగా అన్నాడు.

"మన గుర్తులు బయటికెళ్ళాయిరా."

నా చేతిలోంచి స్క్రూగేజీ జారిపడింది. "ఎలా తెలిసింది?"

"తెలిసింది. నీ దగ్గర్నుంచి పోలేదు కదా?"

"నా దగ్గర్నుంచా! మావయ్యా, చీమ దూరదు. నేనే దూరలేకపోతున్నాను."

"మరి ఎవరంటావ్?"

"ఆదివారం వస్తాను. అన్నీ తెస్తాను," అన్నాను, ఏదో సాక్ష్యాలు సేకరించి పెట్టుకున్నవాడిలా.

నిజంగానే సేకరించాను. మూడు సాయంత్రాలు కూర్చుని చిట్టా అంతా వడపోశాను. ఏ ఫోను ఏ మోడలో కూడా అందులో ఉంటుంది. సముద్రం వైపు మొట్టమొదట చూసిన ఫోను ఏదో దొరికింది. మావయ్య అల్లుడి ఫోను అదే. సంక్రాంతికి ముందు, "ఏం ఫోను తమ్ముడూ?" అని నేనే అడిగాను, వాళ్ళావిడ నంబరు ఎక్కించి ఇచ్చింది కూడా నేనే. "ఫోన్లో కూడా కనపడతాయా?" అన్న మాట మళ్ళీ చెవిలో మోగింది.

చిట్టాని ప్రింటు తీసి, ఆ వరస కింద ఎర్రగీత గీసి, ఫైల్లో పెట్టుకుని బందరు రైలెక్కాను. ఎదురుగా కూర్చున్నాయన పెడన దాకా నా ఫైలు వైపే చూశాడు. పెడనలో దిగుతూ, "బాబూ, పరీక్ష పేపర్లా?" అన్నాడు. అప్పుడు కూడా నేను ఫైలు ఒళ్ళోకి లాక్కున్నాను.

మావయ్య హార్బర్లో, పడవ నీడన, చాప మీద కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు. కళ్ళద్దాలు పెట్టుకునే ఉన్నాడు. చూపుతో పని లేదు ఆయనకి, వేళ్ళే చూస్తాయి. నేను చుట్టూ ఎవరూ లేరని చూసుకుని, ఫైలు విప్పి, ల్యాబులో పిల్లలకి చెప్పినట్టు మొదట్నుంచీ చెప్పాను. ముక్కలు, నీలం, తూర్పు, ఆరుగురు, అందరికంటే ముందొకడు. ఆయన ఊఁ కొడుతూ వల ముడులు వేస్తున్నాడు.

"ఆ ముందొకడు ఎవడు?"

ఇక్కడ కొంచెం ఆగాను. ఎంత అనుమానమున్నా, మామకీ అల్లుడికీ మధ్య పుల్ల పెట్టడం చిన్న విషయం కాదని తెలుసు. ఆ ఒక్క మాటతో పడవ ఎటు పోతుందో, నాగాయలంకలో ఆయన కూతురి కాపురం ఎటు పోతుందో కూడా తెలుసు. తెలిసీ అన్నాను.

"ఓసారి మీ అల్లుడుగారి ఫోన్ చూడు మావయ్యా."

ఆయన వేళ్ళు ఆగాయి. చొక్కా జేబులోంచి ప్లాస్టిక్ కవరు తీసి, దానిలోంచి ఇంకో కవరు తీసి, దానిలోంచి ఫోను తీసి నా ముందు చాప మీద పెట్టాడు. నేను ఎర్రగీత గీసిన మోడలే.

"రెండు కొన్నాడు. ఒకటి ఆయనకి, ఒకటి నాకు," అన్నాడు మావయ్య.

ఆయనే మళ్ళీ ఫోన్ తీసుకుని పిలుపు తెరిచాడు. సన్నాయి మోగింది. పూలు రాలాయి. మ్యాపు దగ్గరికి జరిపి, మొద్దు వేళ్ళు రెండూ దాని మీద పెట్టాడు.

"నాకు సరిగ్గా ఆనదు కదా. హాలు పెద్దది చేసి చూద్దామని ఇట్టా అన్నాను."

రెండు వేళ్ళూ విడదీయాల్సింది పోయి, దగ్గరికి లాగాడు. హాలు చిన్నదైంది. అవనిగడ్డ చిన్నదైంది. దివిసీమ మొత్తం అరచేతిలోకి వచ్చేసింది. దాని పక్కన నీలం పరుచుకుంది. ఆ నీలంలో ఐదు చేపలు.

పెద్దరాయి. చందువల గుంట. కుంటిలంగరు. పేర్లతో సహా.

హాలు పొర పైన పెట్టాను. కింద ఉన్న పొర తీయడం మర్చిపోయాను, పాస్‌వర్డ్ అడగని పిలుపులోకి అది కూడా వచ్చేసింది. నేను పదిసార్లు పరీక్షించిన మాట నిజమే, పదిసార్లూ హాలు దగ్గర నిలబడి హాలునే చూశాను. పొరపాటు అన్న మాటలో పొర ఎప్పట్నుంచో ఉంది. నాకే కనపడలేదు. ఇంటి తలుపులన్నిటికీ తాళాలేసి, తాళంచెవులు శుభలేఖకి కట్టి ఊరంతా పంచాను. పంచినవాడు మావయ్య.

"నువ్వు వేసింది తాళం కాదురా, తోరణం," అన్నాడాయన.

"ముప్ఫై ఏళ్ళవి మావయ్యా. నేను..."

"ఉండు. మొన్న పొద్దున్న వేట నుంచొచ్చే మనోళ్ళు మూడు పడవలు చూశారంట. చందువల గుంట మీద లంగరేసుకుని కూర్చున్నారు, వల దించి. నీ చందువల గుంట మీద."

"నా చందువల గుంటేంటి?"

ఆయన వల మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. హార్బర్లో అందరికీ తెలిసిన సంగతి ఒకటి నాకు అప్పుడు చెప్పాడు. ఎవరైనా మరీ బలవంతం చేసి అడిగితే గుర్తు చెప్పనని అనరు. చెబుతారు. కాకపోతే ఒక్కొక్కరికి ఒక్కో పక్కకి జరిపి చెబుతారు. ఎవరికి ఎటు జరిపారో బుర్రలో పెట్టుకుంటారు. తర్వాత ఏ చోట కొత్త పడవ కనపడితే, ఏ నోరు జారిందో తెలిసిపోతుంది. లాగ్ చదవక్కర్లేదు.

"నీకు దక్షిణానికి జరిపి చెప్పాను. అక్కడ బురద తప్ప ఏముంది? పాపం, పొద్దెక్కేదాకా కూర్చున్నారు."

"అల్లుడికి?"

"ఉత్తరానికి. నీకంటే ముందే చెప్పాను. ఈ నాలుగు నెలల్లో అక్కడికి ఈగ కూడా రాలేదు. ఆయనొక్కడే ఓసారి వెళ్ళొచ్చి, 'మావయ్యగారూ, అక్కడేమీ లేదండి, కళ్ళు బాగోక నంబరు తప్పు చెప్పినట్టున్నారు, ఎవరికీ అనలేదు లెండి,' అన్నాడు."

నేను చివరికి అడగాల్సిందే అడిగాను. "చేపలు నీకు కనపడ్డాక వెంటనే నాకెందుకు చెప్పలేదు? ఫోన్ చేసి, ఎవరంటావ్ అని ఎందుకడిగావ్?"

"నువ్వు ఎవరి పేరు చెబుతావో చూద్దామని," అన్నాడు మావయ్య, కోపం లేకుండా.

కోపంగా అని ఉంటే బాగుండేది. ఫైలు మూసేశాను. ఎర్రగీత గీసిన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాను. తర్వాత ఏమీ తోచక, నా ఫోను తీసి, దాంట్లోంచి సర్వర్ తెరిచి, ఆ పొర తీసేయబోయాను. ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. వేలికి వల దారం ఇంకా చుట్టుకునే ఉంది.

"తీయమాక. ఉంచెయ్. అదున్నన్నాళ్ళు అసలు చోట్ల వైపు ఎవడూ రాడు."

ఓణీల ఫంక్షన్ బాగా జరిగింది. నేను చేతులు కడుక్కునే చోట నిలబడితే, ఎండకి కమిలిన మొహాలతో ముగ్గురు వచ్చి పలకరించారు. "మ్యాపు మీరే చేశారంట కదండీ. చాలా బాగుంది. దారి ఎక్కడా తప్పలేదు," అన్నాడు ఒకాయన. "సముద్రం కూడా పెట్టారు. మంచి ఆలోచనండీ," అన్నాడు రెండో ఆయన. మూడో ఆయన మాత్రం నన్ను అనుమానంగా చూశాడు. బురదలో కూర్చున్న మూడు పడవలూ ఇవేనేమోనని నేనూ అలాగే చూశాను. పక్కనే ఉన్న మావయ్య మొహంలో ఒక్క కండరం కదల్లేదు.

మావయ్య తన అల్లుడికి ఏమీ చెప్పలేదని నాకు అర్థమైంది. చెప్పి ఉంటే అతను నాకు రెండోసారి గారె వేసేవాడు కాదు. ఆ గారె విస్తట్లోనే వదిలేసి లేచాను. జనం పల్చబడ్డాక అతన్ని పక్కకి పిలిచి, జేబులో కాగితం విప్పి, ఎర్రగీత చూపించి, నేను ఏమనుకున్నానో, ఏమన్నానో చెప్పేశాను.

అతను కాగితం మడతలు సరిచేసి చదివాడు. "అయితే మీరు కూడా నన్ను అనుమానించారన్నమాట."

"కూడా అంటే?"

"నేను మిమ్మల్ని అనుమానించానుగా అన్నయ్యగారూ. మావయ్యగారు నాకు తప్పు నంబర్లిచ్చి, అసలువి మీ కంప్యూటర్లో పెట్టారనుకున్నా. అందుకే ఫోన్ చేసి, ఫోన్లో కనపడతాయా అని అడిగాను."

అతనే ముందు నవ్వాడు. ఆ కాగితం నా చేతిలోంచి తీసుకుని, దాంతోనే చేతులు తుడుచుకుని, విస్తళ్ళ బుట్టలో పడేశాడు.

వేట నిషేధం ముగిసిన రోజు మావయ్య, డాక్టరు మాట పక్కన పెట్టి, అల్లుణ్ణి తీసుకుని పడవెక్కాడు. జీపీఎస్ డబ్బా ఇంట్లోనే వదిలేశారట. లైట్‌హౌస్‌కీ, వాటర్ ట్యాంకుకీ వరస ఎక్కడ కలుస్తుందో, ఎక్కడ విడిపోతుందో చూపించుకుంటూ మూడు రోజులు తిరిగారు. అసలు గుర్తులు ఎప్పుడూ నంబర్లలో లేవని తర్వాత మా మరదలు, మావయ్య కూతురు, చెప్పింది. ఆ మూడు రోజుల తర్వాత పడవ అల్లుడి చేతికొచ్చింది. మావయ్య ఒడ్డున వల బాగుచేసుకుంటూ, ఎవరైనా అడిగితే "తూరుపునే" అంటూ కూర్చుంటున్నాడు. వాళ్ళ పడవ ఖాళీగా రాలేదని తెలుస్తూనే ఉంది. మాకు నెలకోసారి ఒక వంజరం చేప వస్తుంది, ఐసులో పెట్టి, బస్సులో. మా ఆవిడ దాన్ని చూసి, ఇన్నాళ్ళకి మీ సర్వర్ ఏదో ఒకటి తెచ్చింది అంటుంది.

నా పేజీ ఇంకా ఉంది. పిల్ల ఓణీ ఫంక్షన్ అయిపోయి నెలలైనా పూలు రాలుతూనే ఉన్నాయి. అంకెలు సున్నా దగ్గర ఆగాయి. పొద్దున్నే కాఫీతో చిట్టా తెరిస్తే, ఇప్పటికీ ఎవరో ఒకరు అవనిగడ్డ మీదుగా తూర్పుకి జరిగి, నీలం ముక్కలు అడుగుతూనే ఉంటారు. బురద అని తెలిసినా మానరా, లేక బురద అన్నది మావయ్య నాకు చెప్పిన మాటేనా, ఒక్కోసారి నాకు అనుమానం వస్తుంది. నేను వెళ్ళి చూసొచ్చేవాణ్ణి కాదని ఆయనకి బాగా తెలుసు.

పోయిన వారం ఫోన్ చేశాడు. ఈసారి ఎప్పటిలాగే అరుస్తూ.

"ఏరా, ఖాళీయేనా? కొత్త గుర్తు ఇంకోటుంది. రాసుకో."

చెప్పాడు. డిగ్రీలు, నిమిషాలు, దానికో పేరు. రాసుకున్నాను. దీన్ని ఎటు జరిపి చెప్పాడో, ఎంత జరిపాడో అడగలేదు. ఆ పొర తెరిచి, నీలంలో ఆరో చేప బొమ్మ పెట్టి, తాళం వేయకుండా వచ్చేశాను.